అణియం మీద మనిషి

నేను ఒక్క చోట కూర్చోలేను. కుట్టు మిషను ముందు కూర్చున్నా, బట్ట ఉన్నా లేకపోయినా, కాలు పెడల్ మీద ఆడుతూనే ఉంటుంది. కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్త ఆ సంగతి కనిపెట్టి నాకు కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టింది. ఆ పేరు మా వీధిలో ఇంకా ఉంది. చీరకి ఫాల్ వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా నన్ను చూసి, కాస్త కూర్చుని మాట్లాడు దీదీ, అంటారు.

పోర్ట్ బ్లెయిర్‌లో మా ఇంటి ముందు గదే నా కొట్టు. జాకెట్లు, చుడీదార్లు, స్కూలు యూనిఫాంలు కుడతాను. మా ఆయనది చేపల వేట. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చినవే. మా ఆయన, నేను ఇక్కడే పుట్టాం. మా అత్త మాత్రం పెళ్ళయ్యాక ఓడలో వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆవిడ మాట ఆ ఊరి మాటే, పట్టింపులూ ఆ ఊరివే.

మా ఆయన వేట వలతో కాదు, గేలంతో. ఒడ్డుకి దూరంగా నీళ్ళ అడుగున రాతి గుట్టలుంటాయి. పెద్ద చేపలు వాటి సందుల్లో దాక్కుంటాయి. పడవ సరిగ్గా రాయి మీద నిలబడితేనే గేలానికి ఏదైనా తగులుతుంది. నీటి వడికి పక్కకి జరిగిపోయిందంటే రోజంతా తాడు తడుపుకుని ఇంటికి రావడమే. అందుకని లంగరు వేయాలి, లాగాలి, ఇంకో రాయి దగ్గర మళ్ళీ వేయాలి. పోయిన ఏడు రాళ్ళలో ఇరుక్కున్న లంగరుని లాగుతుంటే ఆయన కుడి భుజం పట్టు తప్పింది. పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్‌ని వెలుతురుకి పెట్టి చూసి, బరువులు లాగడం ఇక మర్చిపో అన్నాడు. మర్చిపోవడం ఎంత కష్టమో ఆ డాక్టరుకేం తెలుసు! అంతకు ముందు ఆయనతో వేటకి వచ్చే జతగాడు అప్పటికే పెద్ద బోటులో రోజు కూలీకి చేరిపోయాడు. మా డోంగీలాంటి చిన్న పడవకి మనిషి దొరికే రోజులు కావివి.

రంగత్‌లో ఉన్న దూరపు చుట్టం ఒకాయన ఈ సంగతి విని, డోంగీ అమ్మేస్తారా అని ఫోన్ చేశాడు. ఇంకొకరు డెలానీపూర్‌లో క్వార్టర్ల గేటు దగ్గర వాచ్‌మన్ పని ఉందన్నారు. మా ఆయన వెళ్ళి చూసి వచ్చాడు. కుర్చీ బాగుంది అన్నాడు. ఆ సాయంత్రం గోడకి ఒరిగి గేలం తాడు విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పాడు. నేను మిషను తొక్కుతూ చూస్తూనే ఉన్నాను. ఆ కుర్చీలో ఆయన ఏడాది కూర్చుంటే నాకు మనిషి మిగలడని అప్పుడే తెలిసిపోయింది.

అలాంటప్పుడు కరెంటు మోటారు మా ఆయన కంట పడింది. టూరిస్టులని చేపలు పట్టించడానికి తీసుకెళ్ళే బోటు ఒకదానికి ముందు భాగంలో వేలాడుతూ ఉంది. మా వాళ్ళు పడవ ముందు కొసని అణియం అంటారు. ఆ అణియానికి బిగించిన పొడుగాటి రాడ్డు, రాడ్డు కింది కొసన చిన్న పంకా, పైన బ్యాటరీకి వెళ్ళే వైరు. బటను నొక్కితే చాలు, గాలి వీచినా నీరు లాగినా పంకా తనంతట తాను అటూ ఇటూ తిరిగి, గుంజకి కట్టిన దూడలా పడవని ఉన్న చోటే ఉంచుతుంది. లంగరు అక్కర్లేదు. లాగడం అంతకన్నా లేదు. మా ఆయన ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం కంచం ముందు కూర్చుని దాని గురించే చెప్పాడు. చాలా నెలల తర్వాత ఆయన నోట అన్ని మాటలు వినడం నాకూ బాగుంది.

దాచుకున్నదంతా తీశాం. చెన్నైలో అలాంటివి అమ్మే కొట్టుకి ఫోన్ చేస్తే అక్కడి ఆయన హిందీలో ఓపిగ్గా అన్నీ చెప్పాడు. మోటారు ఎంత బలమైనదైనా రాడ్డు పొడవు సరిగ్గా లేకపోతే డబ్బు నీళ్ళపాలే అన్నాడు. మోటారు బిగించే చోటు నుంచి నీటి మట్టం దాకా కొలవాలి. సముద్రం కాబట్టి దానికి ఒకటిన్నర అడుగు కలపాలి. పొట్టిదైతే అల లేచినప్పుడు పంకా గాల్లోకి వస్తుంది. మరీ పొడుగైతే లోతు తక్కువున్న చోట రాళ్ళకి కొట్టుకుంటుంది, పైకి ఎత్తి పడుకోబెడితే సగం పడవ అదే ఆక్రమిస్తుంది. ఒకసారి ఉప్పునీళ్ళు తగిలాక వెనక్కి తీసుకోం అని కూడా చెప్పాడు. ఓడలో వచ్చేది ఎప్పుడొస్తుందో, పంపితే ఎప్పుడు చేరుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు. వానలు మొదలయ్యేలోగా వేటకి మిగిలింది కొద్ది వారాలే. అంటే మాకు ఉన్నది ఒక్క కొలత.

కొలతలు నాకు వదిలెయ్, అన్నాను. ఊళ్ళో వాళ్ళందరి నడుములూ భుజాలూ నా టేపుకి తెలుసు, ఒక డోంగీ ముక్కు ఎంతలే అనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి పట్టింపు ఒకటి చెప్పాలి. ఇంటి ఆడది వేట పడవ ఎక్కకూడదు. పండగనాడు అణియానికి పసుపు రాసి బొట్టు పెట్టవచ్చు, అదీ ఒడ్డున నిలబడి. కాలు మాత్రం లోపల పెట్టకూడదు, పెడితే గంగమ్మకి కోపం. ఫీనిక్స్ బే నుంచి ఆడవాళ్ళు రోజూ బోటెక్కి దీవులు తిరుగుతున్నారు కదా అని కొత్తలో ఒకసారి వాదించాను. అది టికెట్టు బోటు, ఇది అన్నం పెట్టే పడవ, అని మా అత్త నోరు మూయించింది. అందుకని ఆ పొద్దున నేను చుడీదార్ తడుపుకుంటూ నడుము లోతు నీళ్ళలో నిలబడ్డాను. టేపు పై కొస పట్టుకోవడానికి మా ఆయన అణియం మీదకి వెళ్ళి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను కింద నీళ్ళు తగిలే చోట వేలు పెట్టి చదివాను. ఇరవై ఆరు అంగుళాలు. మళ్ళీ చదివాను, అంతే. మూడోసారి కూడా చదువుతుంటే, చాల్లే, పడవకి జాకెట్ కుడతావేటి, అని ఆయన నవ్వాడు.

ఇరవై ఆరుకి పద్దెనిమిది కలిపితే నలభై నాలుగు. చెన్నై కొట్టులో నలభై అయిదు అంగుళాల రాడ్డు సిద్ధంగా ఉంది. దాని తర్వాతది యాభై నాలుగు. నా చెయ్యి అలవాటు వేరు. పిల్లల యూనిఫాం కుడితే లోపల బట్ట ఎక్కువ వదిలి మడిచి కుడతాను, రేపు విప్పి పెంచుకోవచ్చని. పొడుగుదే తీసుకుందాం అన్నాను. కొలత అతికినట్టు సరిపోతుంటే ఎందుకు, రాళ్ళ మీద విరగ్గొట్టుకోవడానికా, అన్నాడాయన. పైగా పొడుగుది ఈ ఓడకి అందదట, తర్వాతి ఓడకి ఎక్కించాలట. ఇద్దరం ఆ పూట గట్టిగానే అరుచుకున్నాం. చివరికి ఓడే గెలిచింది. నలభై అయిదుకి చెప్పేశాం.

ఇక నా సంగతి అడగకండి. ఓడ చెన్నైలో కదిలిందన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు, పని లేదు. వంట మధ్యలో వీధిలోకి వచ్చి ఆకాశం చూసేదాన్ని. ఒకావిడ జాకెట్‌కి ఎడమ చెయ్యి రెండుసార్లు కుట్టాను. పడవ ముక్కు ఇరవై ఆరేనా, నేను చదివింది సరిగ్గానే చదివానా అని ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ టేపుతో కొలిచి టేపునే పరీక్షించాను. మా ఆయన మాత్రం బ్యాటరీ పెట్టడానికి చెక్క పెట్టె చేసుకుంటూ ఈల వేసేవాడు. ఆ ఈల వింటే ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం బియ్యం కడుగుతూ కడుగుతూ గిన్నె అక్కడే వదిలి ఒడ్డుకి వెళ్ళాను. మా ఆయన దగ్గర్లోనే ఊరికే తిరిగి వస్తున్నాడు. రోజూ ఎలా వస్తాడో అలాగే, వెనక కొసన ఇంజను పక్కన కూర్చుని. ఐసు పెట్టె, నూనె డబ్బా కూడా ఆయన కాళ్ళ దగ్గరే. పడవ వెనక కుంగి, ముందు భాగం పైకి లేచి వస్తోంది. అణియం కింద ఇంతకు ముందు నేను వేలు పెట్టిన చోటుకీ నీటికీ మధ్య జానెడు తడి రంగు కనబడింది. ఆ రోజు టేపు పట్టుకోవడానికి ఆయన అణియం మీద కూర్చున్నాడు. ఆయన బరువుకి అది కుంగి ఉంది. నేను కొలిచింది ఆయన ముందు కూర్చున్న పడవని. వేటాడేటప్పుడు ఆయన ఎప్పుడూ ముందు కూర్చోడు.

నేను ఎక్కి కొస పట్టుకుని, ఆయన వెనక తన చోట ఉండి ఉంటే ఏ కొలత వచ్చేదో చెప్పలేను. కానీ మా ఇంట్లో ఆ ఆలోచనే ఎవరికీ రాదు. ఆడది పడవలో ఉండదు కాబట్టి మగవాడే అణియం మీదకి పోవాలి. అంత మామూలు సంగతి మాకు తప్పులా ఎందుకు కనిపిస్తుంది?

ఒడ్డుకి రాగానే చెప్పేశాను. ఆయన కాసేపు అణియం వైపు చూశాడు. ఏం కాదు, నడుస్తాది, టెన్షన్ మత్ లే, అన్నాడు. కానీ ఆ రోజు నుంచి ఈల ఆగిపోయింది. ఓడ అప్పటికే నడి సముద్రంలో ఉంది.

మోటారు వచ్చింది. హడ్డో జెట్టీ నుంచి ఆటోలో తెచ్చి, వడ్రంగి చేత బిగించి, మర్నాడు పొద్దున్నే కొంచెం అల ఉన్న చోటుకి తీసుకెళ్ళాడు. నేను ఒడ్డున నిలబడ్డాను. బటను నొక్కి వెనక్కి తన చోటుకి వెళ్ళాడు. రెండు అలలు బాగానే ఉంది. మూడో అలకి ముక్కు లేచింది. పంకా నీళ్ళు వదిలి పైకొచ్చి, ఖాళీ మిక్సీ వేసినట్టు అరిచింది. పడవ గిర్రున తిరిగింది. ఆయన ముందుకి వెళ్ళి కూర్చుంటే అరుపు ఆగి, పడవ చెప్పినట్టు నిలబడింది. వెనక్కి వెళ్తే మళ్ళీ అరుపు. అలా ఎన్నిసార్లు తిరిగాడో. ఆ శబ్దం నా పళ్ళ దాకా వచ్చింది.

వడ్రంగిని పిలిచి మోటారుని ఇంకా కింది పలకకి బిగించమంటే, అక్కడ చెక్క వంపు తిరిగింది, పట్టదు అన్నాడు. బరువుకి అణియం మీద ఇసక మూట వేసి చూశాం. ఒడ్డు దగ్గర బ్రహ్మాండంగా పనిచేసింది. అదే మూటతో ఇంజను వేసుకుని బయటికి వెళ్తే ముక్కు అలల్లోకి దూరి నీళ్ళు లోపలికి కొట్టాయి. వెళ్ళేటప్పుడు బరువు వెనక ఉండాలి, ఆగాక ముందుకి రావాలి, మళ్ళీ కదిలేటప్పుడు వెనక్కి. ఆయన ఆ మూటని సముద్రంలో ఒక్కసారి అటు నుంచి ఇటు ఈడ్చాడు. ఇంటికి వచ్చేసరికి కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. అన్నం నేనే కలిపి పెట్టాను. పొడుగు రాడ్డు తెప్పించాలంటే మళ్ళీ కూడబెట్టాలి, మళ్ళీ ఓడ, అప్పటికి వానలు. ఆయన ఫోన్ తీసి రంగత్ నంబరు నొక్కాడు.

ఆ చుట్టం రెండు రోజులకే వచ్చాడు. మంచివాడే, పాపం. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, పడవ చెక్క ఎలా ఉంది, ఇంజను ఎన్నాళ్ళది అని అడుగుతున్నాడు. మా ఆయన నేల చూస్తూ జవాబులు చెబుతున్నాడు. నేను గుమ్మంలోకి, వంటింట్లోకి, మళ్ళీ గుమ్మంలోకి తిరుగుతున్నాను. మూట గురించి మాట వచ్చింది. మూట సరిపోతుంది గానీ దాన్ని జరిపే చెయ్యి నాకు లేదు, అన్నాడాయన.

మా అత్త గోడ పక్కన కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది. తలెత్తకుండానే మాట్లాడింది.

"మూటకి కాళ్ళున్నాయేటి, అటూ ఇటూ నడిసెల్లడానికి? దీనికున్నాయి. పొద్దస్తమానం ఆగని కాళ్ళు. దీన్ని ఎక్కించుకో."

ఆవిడ అంటున్నది నన్నేనని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మా ఆయనకి ఇంకా ఎక్కువ పట్టింది.

"అమ్మా, ఇన్నేళ్ళూ వద్దన్నది నువ్వే కదా," అన్నాడు.

"అన్నాను. మా అత్త నాకు సెప్పింది, నాను దీనికి సెప్పినాను. మరి నాను ఈ దీవికి ఈదుకొచ్చినానేటి? ఓడెక్కే వచ్చినాను. దారంతా కక్కుకుంటా కూకున్నాను. గంగమ్మ నన్నేటీ అన్లేదు." చేతిలో ఉన్న చేప తోక తుంచి పక్కన పడేసింది. "నా కొడుకు గేటు కాడ కుర్సీలో కూకుంటే మాత్రం నాను సూడలేను."

తర్వాత చుట్టం వైపు తిరిగి, టీ తాగీసి ఎల్లు నాయనా, అంది. ఆయన నిజంగానే తాగేసి వెళ్ళాడు.

నాకు భయం వేసింది. ఈత రాదు. తెల్లవార్లూ కాళ్ళు ఆగలేదు, దుప్పటి కింద కూడా. కానీ పొద్దున్నే మా అత్త పసుపు గిన్నెతో ముందే వెళ్ళి అణియం దగ్గర నిలబడింది. ముందు చెక్కకి పసుపు రాసింది. తర్వాత మిగిలిన పసుపు నా పాదాలకి రాసింది. ఆవిడ వంగి నా పాదాలు ముట్టుకోవడం అదే మొదలు. నేను తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు నిండుతాయి. అప్పుడు మాత్రం ఏడవడానికి టైము ఇవ్వలేదు, జల్దీ ఎక్కు అని మా ఆయన కేకేశాడు.

నారింజ రంగు లైఫ్ జాకెట్ తగిలించుకుని వెనక ఆయన పక్కన కూర్చున్నాను. ఒడ్డు చిన్నదైంది, చెట్లు ఒక్కటే పచ్చ గీతయ్యాయి. రాయి దగ్గరికి వచ్చాక ఇంజను ఆపాడు. నేను అంచు పట్టుకుని ముందుకి వెళ్ళి మోటారు దించి బటను నొక్కి, పసుపు బొట్టు పక్కన కూర్చున్నాను. అల వచ్చింది. ముక్కు లేవలేదు. పంకా నీళ్ళ అడుగున చిన్నగా తిరుగుతూ ఉంది, చప్పుడే లేదు.

కాసేపటికి ఆయన చేతిలో తాడు బిగిసింది. రాళ్ళ కింద ఉండే గోబ్రా చేప, మంచి బరువు. ఆయన ఎడమ చేత్తో పట్టి, తాడుని గూటానికి ఒక చుట్టు వేసి, కొంచెం వదిలి, కొంచెం లాగుతున్నాడు. కుడి భుజం వణకడం నాకు కనిపిస్తోంది. నేను లేవబోయాను.

"కదలకే," అన్నాడు తల తిప్పకుండా. "నువ్వు లేస్తే పడవ పోతాది."

నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. రెండు చేతులూ అంచుకి అతికించి, పళ్ళు బిగించి, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి కూర్చున్నాను. వెళ్ళి తాడు పట్టుకోవాలని ఒళ్ళంతా లాగుతోంది. ఆయన ముఖం ఎర్రబడింది, చెమట కారుతోంది. నేను చేయగలిగిన సాయం కదలకుండా ఉండడం. పడవ రాయి మీద నుంచి జానెడు కూడా జరగలేదు. చేప పైకి వచ్చింది. దాన్ని లోపలికి వేసుకుని ఆయన వెల్లకిలా పడి నవ్వాడు. నేను అప్పుడు కూడా లేవలేదు, లేవమని చెప్పలేదు కదా.

వానలు వచ్చేదాకా అలా కుదిరినన్ని రోజులు వెళ్ళాం. పొద్దున సముద్రం, మధ్యాహ్నం మిషను. ఆడది పడవెక్కిందని వీధిలో అనేవాళ్ళు అన్నారు. వాళ్ళకి మా అత్త ఏం సమాధానం చెప్పిందో నేను అడగలేదు, ఆ తర్వాత ఎవరూ నాతో అనలేదు.

వానలు తగ్గాక ఒక సాయంత్రం, పంకా నీళ్ళు వదిలి లేస్తోందని అప్పట్లో మా ఆయన చెప్పింది గుర్తుపెట్టుకుని చెన్నై కొట్టాయన ఫోన్ చేశాడు. పొడుగు రాడ్డు వచ్చింది, పాతది మార్చి ఎంతో కొంత తగ్గించి ఇస్తాను, మీ పడవకి అదే సరైన కొలత, అంటున్నాడు. మా ఆయన అరుగు మీద ఉన్నాడు. నేను లోపల స్కూలు ప్యాంటు అంచు కుడుతున్నాను. పొడుగుదే కావాలని అరిచి గోల చేసింది నేను. ఇప్పుడు దొరికింది. అది వస్తే నేను ఇక ఇంటి పట్టున ఉండవచ్చు. ఇంకో క్షణంలో ఆయన పంపించమంటాడని తెలుసు. అనకూడదని ఎంత గట్టిగా కోరుకున్నానో, నాకే ఆశ్చర్యం వేసింది.

"వద్దు భయ్యా," అన్నాడు. "ఇదే ఠీక్ ఉన్నాది. ముందు మా మనిషి కూకుంటాది."

పెడల్ మీద నా కాలు ఆగిపోయింది. లోపల్నుంచి మా అత్త, ఏటే, మిషను చెడిపోయిందేటి, అని అడిగింది. లేదత్తా అని మళ్ళీ మొదలుపెట్టాను. ఆ ప్యాంటు పొద్దున్నే ఇవ్వాలి, ఆ తర్వాత మేం వేటకి వెళ్ళాలి.